వీపు

ఎనుమాముల మార్కెట్ల ముప్పయ్యేండ్లు
మిర్చి టిక్కీలు మోసిన.
నలభై కిలోల బస్తా వీపు మీద పడ్డప్పుడు
ఎన్నో టిక్కీయో నేను లెక్కబెట్టలే,
లారీ పక్కన నిలబడ్డ మునీము లెక్కబెట్టేది.
ఇప్పుడు నేను లెక్కబెడుతున్న.
సారక్క ఊపిరి
నిమిషానికి ఇరవై ఎనిమిది.

ఆమె గూడ అదే యార్డుల తొడిమెలు తీసేది,
కొంగు ముక్కుకు కట్టుకొని.
ఇంటికొచ్చి కట్టెల పొయ్యి ఊదేది.
ఎర్రటి దుమ్ము, నల్లటి పొగ
కిరాయి అడగకుండ లోపల కాపురం పెట్టినయి.
నేను బీడీలు తాగేది, ఆ మంచం మీదనే కూసొని.
అది గూడ చెప్పాలె. దాచి ఏం ఫాయిద?

ఎంజీఎంల డాక్టర్ పిల్ల ఎక్స్‌రేను కిటికీకి పట్టి
"ఇది పొయ్యేది కాదమ్మా, దీంతోనే బతకాలె" అన్నది.
సారక్క నా దిక్కు చూసింది.
"ఈయనతోని… బతుకుతలేనా" అన్నది.

ఇంట్ల ఇప్పుడొక మిషన్,
గుర్రుపెట్టే చుట్టం లెక్క.
దాని పైపు ఏడు మీటర్లు.
మంచం నుంచి వంటింటి దాక వస్తది,
వాకిట్ల జామచెట్టుకు రెండడుగులు తక్కువైతది.
ఆ రెండడుగులు నేను పోయి కాయ తెంపుకొస్త.
ఆమె వాసన చూసి దిండు పక్కన పెట్టుకుంటది.
నమలాలన్నా ఊపిరి కావాలె మరి.

పోపు బంద్ అయింది.
మిర్చి హమాలి ఇంట్ల ఒక్క ఎండుమిరపకాయ లేదు.
పప్పు ఉడికించి గిన్నె పట్టుకొని
పై వాటాల జహేదా బీ దగ్గరికి పోత,
ఆమె ఆడ చుయ్యిమనిపిస్తది,
మూతపెట్టి దొంగసొమ్ము లెక్క దించుకొస్త.
దేవునికి గూడ ఊదుబత్తి బంద్, దీపం బంద్.
మిషన్ పక్కన మంట పనికిరాదు,
పువ్వుతోని సర్దుకో సామీ అని చెప్పిన.

కొట్లాటలు మాత్రం బంద్ కాలే.
ఒకప్పుడు ఒక్క గుక్కల మా మూడు తరాలను కడిగేది.
ఇప్పుడు వాయిదాల మీద తిడతది.
"మీ అవ్వ…" అని ఆగుతది.
నేను గూడ ఆగుత, చెప్పు చేతుల పట్టుకొని గడప కాడ.
"…మంచిదే, నువ్వే గిట్లయినవ్."
మిగిలింది వినకుండ పోవద్దని తెలిసేసరికి
నాకు అరవై దాటినయి.

కరెంటు పోతె
నాకు ముందు యాదికొచ్చేది లైన్‌మన్ మొగిలి.
ఆయన నంబర్ గోడ మీద బొగ్గుతోని రాసిన.
పోయిన ఎండకాలం గాలిదుమారంల
మొగిలి స్తంభం ఎక్కేదాక
ఆమె వేలికున్న క్లిప్పు చూసుకుంట కూసున్న.
ఎనభై తొమ్మిది. ఎనభై ఏడు. ఎనభై మూడు.
మార్కెట్ల ధర పడిపోవుడు మస్తు చూసిన,
రైతు రాశి మీదనే కూలబడుడు చూసిన,
పక్క నుంచి టిక్కీ ఎత్తుకొని పోయిన.
ఆ రైతు లోపల ఏమైందో
గా రాత్రి తెలిసింది.

మా దిక్కు ఈ రోగాన్ని దమ్ము అంటరు.
ధైర్యాన్ని గూడ గదే మాట.
తానం చేసి చీర కట్టుకునుడు ఆమెకు గంట పని.
రైక తొడిగి కూసుంటది,
కుచ్చిళ్లు పోసి కూసుంటది,
కొంగు భుజాన ఏసుకొని మళ్ల కూసుంటది.
చెయ్యి పెట్టబోతె కొడతది.
స్టూలు దగ్గరికి జరిపి
నేను గోడ దిక్కు తిరుగుత.

రాత్రి ఒరగరాదు.
ఒరిగితె బాయిల మునిగినట్టయితదట.
మూడు దిండ్లు పెట్టిన, జారినయ్.
గోడకు ఆనించిన, సల్లగున్నదన్నది.
ఆఖరుకు నేనే మంచం నడుమ కూసొని
"ఆనుకో" అన్న.
కాంట మీద పెడితె
టిక్కీ కన్న రెండు కిలోలు తక్కువే తూగుతది.
ఒక్కో ఊపిరి నా వెన్నుపూసలు తడుముకుంట
వస్తది,
పోతది.

నాలుగింటికి మార్కెట్ దిక్కు లారీ హారన్ వినొచ్చింది.
అలవాటుకు ఒళ్లు లేవబోయింది.
"కదలకు, ఇంకింతసేపు గిట్లనే ఉండు" అన్నది సారక్క,
నడుమ ఎక్కడ ఆగకుండ.